నాలుగు బోల్టుల కథ

సంఘం కార్యదర్శిగారు ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాసి ఇమ్మన్నప్పుడు కొంచెం తటపటాయించాను. పెన్షన్ రివిజను మీద, మెడికల్ బిల్లుల మీద సాధికారంగా రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. కాశీయాత్ర, కేదార్‌నాథ్ యాత్ర గురించి రాసేవారికీ కొదవలేదు. 36 ఏళ్ళు వర్క్‌షాపులో బతికినవాణ్ణి, నాకు తెలిసినది ఇంజన్లు మాత్రమే. పోనీ బస్సు ఇంజను గురించి రాద్దామంటే మీలో సగంమంది నాకే పాఠం చెప్పగలరు. అందుచేత అరచేతిలో ఇమిడే ఇంజను గురించి, దానిని బొమ్మ విమానం ముక్కుకు బిగించే పని గురించి రాస్తున్నాను. ఇది చిన్న విషయమే. కానీ దీనితో నాకు 1967 నుంచి ఒక బాకీ ఉన్నది. ఆ సంగతి మధ్యలో వస్తుంది.

ఈ మధ్య ఇంజనీరింగ్ చదువుతున్న మా మనవడు రేడియోతో నడిచే విమానం ఒకటి తయారుచేస్తూ, ఇంజను చేతిలో పట్టుకుని వచ్చి, "తాతయ్యా, దీన్ని దేనికి బిగించాలి? ఎంత గట్టిగా బిగించాలి?" అని అడిగాడు. ప్రశ్న రెండు ముక్కలే. జవాబు వెతుక్కుంటూ మనుషులు నూరేళ్ళకు పైగా గడిపారు.

మొట్టమొదట ఈ ప్రశ్నే లేదు. 1871 ఆగస్టు 18న పారిస్‌లోని తుయిలరీ ఉద్యానవనంలో అల్ఫాన్స్ పెనో అనే ఇరవై ఒక్క ఏళ్ళ యువకుడు ఒక బొమ్మను ఎగరవేశాడు. ఒక పుల్ల, దానికి రెక్కలు, తోక, వెనుక ఒక చిన్న పంకా, పుల్ల పొడవునా మెలితిప్పిన రబ్బరు తాడు. అది 11 సెకన్లపాటు ఎవరి సాయమూ లేకుండా నిలకడగా ఎగిరింది. రబ్బరు తాడులో ఒక సుగుణం ఉన్నది. అది లాగుతుంది, మెలి విప్పుతుంది, అంతే. కుదుపు లేదు, మోత లేదు, నూనె కారదు. కొక్కేనికి తగిలిస్తే చాలు. పెనో ముప్పై ఏళ్ళకే చనిపోయాడు గానీ, అతని రబ్బరు తాడు ఆలోచనతో చేసిన ఒక ఎగిరే బొమ్మను 1878లో అమెరికాలో ఒక తండ్రి తన ఇద్దరు కొడుకులకు తెచ్చి ఇచ్చాడు. ఆ పిల్లలే విల్బర్ రైట్, ఆర్విల్ రైట్. తరువాత కథ మీకు తెలుసు.

ఆవిరి ఇంజను పెట్టాలని చూసినవాళ్ళు పెనోకంటే ముందే ఉన్నారు. 1848లో ఇంగ్లండులోని చార్డ్ అనే ఊళ్ళో స్ట్రింగ్‌ఫెలో అనే ఆయన ఒక చిన్న ఆవిరి విమానాన్ని పాత మిల్లులో తీగ వెంబడి జార్చి వదిలాడు. అది నిజంగా ఎగిరిందా, జారిందా అని పండితులు ఇప్పటికీ తగువులాడుకుంటున్నారు. తగువు లేనిది లాంగ్లే విమానం. వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థకు కార్యదర్శిగా ఉన్న శామ్యూల్ లాంగ్లే 1896 మే 6న పోటోమాక్ నది మీద ఒక పడవ పైనుంచి తన అయిదో నంబరు విమానాన్ని వదిలాడు. బరువు 11 కిలోలు. మధ్యలో ఒక హార్స్‌పవరు ఆవిరి యంత్రం, దాని నుంచి షాఫ్టులు, పళ్ళ చక్రాల ద్వారా రెండు పక్కలా రెండు పంకాలు. సుమారు కిలోమీటరు దూరం ఎగిరి మెత్తగా నీళ్ళ మీద వాలింది. టెలిఫోను కనిపెట్టిన గ్రహం బెల్ అక్కడే ఉండి ఫొటోలు తీశాడు. 1901లో అదే లాంగ్లే పెట్రోలు ఇంజనుతో నాలుగోవంతు నమూనా ఒకటి ఎగరవేశాడు. అయితే ఇవన్నీ ప్రభుత్వ సొమ్ము, పెద్ద వర్క్‌షాపు, జీతగాళ్ళు ఉన్నవారి పనులు. ఇంట్లో కూర్చుని చేసుకునేవాడికి అందేవి కావు.

అందుబాటులోకి తెచ్చినవాడు ఫిలడెల్ఫియా నగరంలో హైస్కూలు కుర్రవాడు. పేరు బిల్ బ్రౌన్. 1930 ప్రాంతాల్లో గుప్పెట్లో పట్టే పెట్రోలు ఇంజను ఒకటి తయారుచేశాడు. అతని ఊరివాడే మరో కుర్రాడు మాక్స్‌వెల్ బాసెట్ దాన్ని తన విమానానికి పెట్టి 1933లో న్యూయార్కు దగ్గర రూజ్‌వెల్ట్ ఫీల్డులో జరిగిన జాతీయ పోటీలకు వెళ్ళాడు. మిగతావాళ్ళవన్నీ రబ్బరు విమానాలు. బాసెట్ బహుమతులు ఊడ్చుకుపోయాడు. రబ్బరువాళ్ళు గగ్గోలు పెట్టారు. ఆ తరువాత ఇంజను విమానాలకు పోటీల్లో వేరే తరగతి ఏర్పాటు చేయవలసి వచ్చింది. 'బ్రౌన్ జూనియర్' పేరుతో ఆ ఇంజను బజారులోకి వచ్చి అమెరికా కుర్రకారును ఒక ఊపు ఊపింది.

అసలు తంటా అక్కడ మొదలైంది. ఒంటి సిలిండరు టూస్ట్రోక్ ఇంజను అంటే ఏమిటో మనకు తెలుసు. ప్రతి చుట్టుకూ ఒక పేలుడు. నిమిషానికి 10,000 చుట్లు తిరిగే చిన్న ఇంజను సెకనుకు 166 సార్లు గుద్దుతుంది. మన బస్సు ఇంజనులో ఆరు సిలిండర్లు ఒకదాని కుదుపును ఒకటి సర్దుకుంటాయి, దాని కింద మౌంటింగ్ రబ్బర్లు ఉంటాయి, వాటి కింద ఉక్కు షాసీ ఉంటుంది. ఇక్కడ షాసీ అంటే బాల్సా కర్ర. దక్షిణ అమెరికాలో ఈక్వడారు అడవుల నుంచి వచ్చే ఈ కర్ర దూదిలాంటిది, గోరుతో నొక్కితే సొట్ట పడుతుంది. దాని ముక్కు మీద సెకనుకు 166 సుత్తిదెబ్బలు వేసే యంత్రాన్ని నిలబెట్టాలి.

ఆనాటివాళ్ళు కనిపెట్టిన ఉపాయం ఈనాటికీ చెల్లుతుంది. ఇంజను కేసుకు రెండు పక్కలా చెవుల్లాంటి రేకులు పోతపోస్తారు. మేపుల్, బీచ్ వంటి గట్టి కర్రతో రెండు బద్దీలు చేసి, విమానం పొట్టలోకి బాగా లోపలిదాకా పోనిచ్చి, రెండు మూడు ప్లైవుడ్ అడ్డుపలకలకు అతికిస్తారు. వీటిని బేరర్లు అంటారు. రెండు బేరర్ల మధ్య ఇంజను దిగుతుంది, చెవులు వాటి మీద కూర్చుంటాయి. చెవికి రెండు చొప్పున నాలుగు బోల్టులు. కింద వాషరు, స్ప్రింగ్ వాషరు, నట్టు. ఇందులో సూక్ష్మమంతా బేరరు పొడవులో ఉన్నది. కుదుపు ఒకచోట పడకుండా కర్ర పొడవునా పాకి, అడ్డుపలకల ద్వారా ఒళ్ళంతా సర్దుకుంటుంది. పల్లెటూళ్ళో ఇంటి దూలాన్ని గోడలోకి జానెడు లోపలికి పోనిచ్చి కట్టేది కూడా ఇందుకే గదా.

ఇంకొక పద్ధతి కూడా ఆనాడే వచ్చింది. ఇంజను వెనుక భాగాన్నే విమానం ముందు గోడకు బోల్టులతో తగిలించడం. ఆ గోడను ఫైర్‌వాల్ అంటారు. ఇది సులువే గానీ గోడ అతుకు మీదే సమస్తం ఆధారపడుతుంది. అప్పటి సెల్యులోజు జిగురుతో ఆ గోడలు ఇంజనుతో సహా ఊడి ముందుకు పోయిన ఉదంతాలు కొల్లలు.

మరి రేడియో? కవల సోదరులు వాల్టర్ గుడ్, విలియం గుడ్ అమెరికాలో మిషిగన్ రాష్ట్రం కలమజూ ఊరివారు. ఒకడికి విమానాల పిచ్చి, రెండోవాడికి రేడియో పిచ్చి. ఇద్దరూ కలిసి 'గఫ్' అనే ఎనిమిది అడుగుల రెక్కల విమానం కట్టి బ్రౌన్ ఇంజను పెట్టి 1937లో రేడియోతో నడిపారు. 1938 జాతీయ పోటీల్లో రేడియో విభాగంలో గెలిచారు. ఆ విమానం ఇప్పుడు స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉన్నది. ఆ కాలపు రిసీవరు అంటే గాజు వాల్వులు, పెద్ద బ్యాటరీలు, వాటితో ఒక రిలే. మన పాత మర్ఫీ రేడియో పక్కన స్కూటరు స్టార్టు చేస్తే ఎలా గరగరమనేదో జ్ఞాపకం ఉందా? స్పార్కు ప్లగ్గు రేడియోకు పుట్టు శత్రువు. రెండో శత్రువు కుదుపు. ఇంజను వణికితే రిలే నాలుకలు టకటకలాడి, మనిషి ఇవ్వని ఆజ్ఞలు విమానం పాటించేది. అందుకని రిసీవరును రబ్బరు బ్యాండ్ల మీద ఉయ్యాలలా వేలాడదీసేవారు. ఇంజనును బిగించే పనికి, రేడియో బతుకుకు ఉన్న సంబంధం అప్పుడే తెలిసింది. ముక్కు దగ్గర నట్టు వదులైతే తోక దగ్గర చుక్కాని మాట వినదు.

ఇక్కడ ఒక పిట్టకథ. హాలీవుడ్‌లో రెజినాల్డ్ డెన్నీ అనే సినిమా నటుడు ఉండేవాడు. బొమ్మ విమానాల మోజులో పడి దుకాణం పెట్టాడు, ఆ దుకాణం ముదిరి రేడియోప్లేన్ అనే కంపెనీ అయింది. విమాన విధ్వంసక తుపాకుల గురి అభ్యాసానికి రేడియోతో నడిచే లక్ష్య విమానాలను రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యానికి దాదాపు 15,000 తయారుచేసి ఇచ్చాడు. ఆ ఫ్యాక్టరీలో పనిచేస్తున్న నోర్మా జీన్ అనే అమ్మాయిని యుద్ధం చివరి రోజుల్లో సైన్యం ఫొటోగ్రాఫరు ఒకాయన ప్రొపెల్లర్ చేత పట్టించి ఫొటో తీశాడు. ఆ ఫొటోతో ఆమె దశ తిరిగింది. ఆమే మార్లిన్ మన్రో. మన కాలపు కుర్రకారు బ్లాకులో టిక్కెట్టు కొని చూసిన తార ఒకప్పుడు మనలాగే షాపుఫ్లోరు కార్మికురాలు.

స్పార్కు ప్లగ్గు పీడను వదిలించినవాడు రే ఆర్డెన్. 1947లో ఆయన గ్లో ప్లగ్గును బజారులోకి తెచ్చాడు. ప్లాటినం తీగ చుట్ట ఒకటి, మొదట బ్యాటరీతో ఎర్రగా కాల్చి ఇంజను అందుకోగానే బ్యాటరీ తీసివేయవచ్చు. ఇంధనంలోని మిథైల్ ఆల్కహాలు తగిలి తీగ తనంతట తానే కణకణలాడుతూ ఉంటుంది. కాయిలు, కండెన్సరు, బ్యాటరీ అన్నీ ఒక్క దెబ్బతో పోయాయి. యూరపులో అంతకుముందే, 1940 తరువాత స్విట్జర్లాండు 'డైనో' ఇంజనుతో డీజిల్ తరహావి వచ్చాయి. వాటికి ప్లగ్గే లేదు. ఈథరు, కిరసనాయిలు, ఆముదం కలిపి పోసి, సిలిండరు నెత్తిన ఉన్న మరతో ఒత్తిడి పెంచి, ప్రొపెల్లర్‌ను వేలితో చరిస్తే అందుకునేవి.

అవును, ఆముదమే. మన చిన్నప్పుడు ముక్కు మూసి గొంతులో పోసిన అదే ఆముదం. వేడికి చెదరదు, ఆల్కహాలులో కలుస్తుంది కనుక గ్లో ఇంజనుకూ అదే కావలసి వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో గిరగిర తిరిగే రోటరీ ఇంజను విమానాలకు కూడా ఇదే నూనె. దాని పొగ పీల్చి పైలట్లు దిగగానే మరుగుదొడ్డికి పరుగెత్తేవారని చెప్పుకునేవారు. క్యాస్ట్రాల్ అనే పేరులో ఉన్నది క్యాస్టర్, అంటే ఆముదమే. మన నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట చేలలో పండే గింజకు ఇంత ఆకాశయోగం ఉన్నదని నాకు ఎన్‌సీసీలో చేరేదాకా తెలియదు.

ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ 1950లో మొదలైంది. మా తరంలో బొమ్మ విమానం ముఖం చూసినవాళ్ళలో ఎక్కువమంది దాని ద్వారానే చూశారు. కలకత్తాలో అరోరా పేరుతో, ఇంగ్లండు మిల్స్ నమూనాలో చిన్న డీజిల్ ఇంజన్లు తయారై వచ్చేవి. కానీ ఒక ఇంజను చేతికి రావడమంటే గ్యాసు కనెక్షను రావడంతో సమానం. బాల్సా దిగుమతి సరుకు. చిన్న ముక్క వృథా చేసినా ఇన్‌స్ట్రక్టరుగారు చెవి మెలిపెట్టేవారు.

నేను, నా మిత్రుడు ఒకే కాలేజీ, ఒకే బెంచీ. అతను ఈ సంఘంలో సభ్యుడే. పేరు రాయను. స్టోర్స్‌లో బిన్ కార్డు మీద పెన్నును బొటనవేలికీ నడివేలికీ మధ్య పట్టుకుని సంతకం చేసేవాడు ఎవరో మీలో చాలామందికి తెలుసు.

1967 జనవరి. రిపబ్లిక్ డే నాడు మైదానంలో తీగల మీద గుండ్రంగా తిరిగే విమానం ప్రదర్శించాలి. బాల్సా చాలక పొట్టకు తెల్లపొనికి వాడాము. కొండపల్లిలో, నిర్మల్‌లో బొమ్మలు చేసే తేలిక కర్ర అది. బాల్సా దొరకని చోట ఆముదపు చెట్టే మహావృక్షం అన్నట్టు, పొట్టకు అది బాగానే సరిపోయింది. బేరర్లు చేసే పని నాది. టేకు ముక్కలు గది మూలలో ఉన్నాయి. ముందు రోజు సాయంత్రం, చేతిలో ఉన్నది సన్నని రంపం, టేకు తెగదు, హాస్టలు భోజనం వేళ దాటిపోతోంది. బేరర్లు కూడా పొనికితోనే చేసి, పైన రంగు వేశాను. ఇన్‌స్ట్రక్టరుగారు చూసి "బేరర్లు టేకేనా?" అని అడిగారు. "అవునండీ" అన్నాను.

తెల్లవారి ఇంజను రెండుసార్లు నడిపాము. ప్రతిసారీ నట్టు ఒక చుట్టు తిరిగింది. బోల్టు సాగదు, నట్టు కదలదు, అంటే వాషరు కర్రలోకి దిగుతోందన్నమాట. వర్క్‌షాపులో చేరిన మొదటి వారంలో కుర్రవాడికి తెలిసే సంగతి. నాకు అప్పుడు తెలియదని చెప్పుకుంటే అబద్ధం, అనుమానం వచ్చింది. మూడోసారి ఇంజను అందుకున్నాక నా మిత్రుడు ఎడమచేత్తో ముక్కు పట్టుకుని, కుడిచేత్తో ఒత్తిడి మర సరిచేస్తున్నాడు. మూడు బోల్టులు కర్రను చీల్చుకుని ఊడి వచ్చాయి. మిగిలిన బోల్టు చుట్టూ ఇంజను గిర్రున పక్కకు తిరిగింది. ప్రొపెల్లర్ అతని చూపుడువేలిని మొదటి కణుపు దగ్గర కోసుకుపోయింది.

అతనికి వైమానిక దళంలో పైలట్ కావాలని ఒక్కటే ధ్యాస. ఫారాలు తెప్పించుకుని పెట్టుకున్నాడు. వేలితో పాటు ఆ దారీ మూసుకుపోయింది.

ఆ సాయంత్రం నన్ను వాంగ్మూలం రాయమన్నారు. "ప్రొపెల్లర్ తిరుగుతుండగా పొరపాటున వేలు ముందుకు పెట్టాడు" అని రాశాను. ఆస్పత్రిలో ఉన్న అతను కాదనలేదు. ఆనాటి రిపోర్టులో కేడెట్ అజాగ్రత్త అని చేరింది. బేరరు ముక్క ఒకటి నేను జేబులో వేసుకుని వచ్చాను. ఇప్పటికీ నా పెట్టెలో ఉన్నది. గుండ్రంగా తొలిచిన బెజ్జం కోడిగుడ్డు ఆకారానికి సాగి, అంచులు నలిగి కనిపిస్తాయి. తరువాత ఇద్దరమూ ఒకే సంస్థలో ఉద్యోగాల్లో చేరాము. పిల్లల పెళ్ళిళ్ళు చేశాము. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

మళ్ళీ చరిత్రలోకి వద్దాం.

1950లలో కాలిఫోర్నియాలో లెరాయ్ కాక్స్ అనే ఆయన బఠాణీ అంత సిలిండరుతో ఇంజన్లు లక్షల కొద్దీ తయారుచేశాడు. వాటికి ఇంధనపు డబ్బాయే బిగింపు కూడా. ఇంజను వెనుక గుండ్రని చిన్న ట్యాంకు, దాని గుండా పొడవాటి మరలు, నేరుగా ఫైర్‌వాల్‌కు. పిల్లలు స్క్రూడ్రైవరుతో పది నిమిషాల్లో బిగించుకునేవారు. పెద్ద ఇంజన్లకు అల్యూమినియం పోత మౌంట్లు, తరువాత గాజుపీచు కలిపిన నైలాన్ మౌంట్లు వచ్చాయి. ఇవి రెండు చేతులు ముందుకు చాపిన ఆకారంలో ఉంటాయి. వెనుక పలక ఫైర్‌వాల్‌కు, చేతుల మీద ఇంజను చెవులు. అంటే పాత బేరరు పద్ధతినీ గోడ పద్ధతినీ కలిపి కుట్టారు. ఫైర్‌వాల్‌కు ఇప్పుడు ఆరు మిల్లీమీటర్ల ప్లైవుడ్ వాడతారు, ఆరల్డైట్ వంటి ఎపాక్సీతో అతికిస్తారు. నట్టు విషయంలో మంచి మార్పు వచ్చింది. వెనుక వైపు నుంచి పళ్ళున్న నట్టును ప్లైవుడ్‌లోకి దిగగొడతారు. అది తిరగదు, ఊడదు, కర్రను పెద్ద వైశాల్యంలో పట్టుకుంటుంది. ఫైర్‌వాల్ ముఖానికి ఎపాక్సీ పూత కూడా వేయాలి. లేకపోతే పొగతో వచ్చే ఆముదం నెలల తరబడి కర్రలోకి ఇంకి, జిగురును లోపలి నుంచి తినేస్తుంది. పైకి ఏమీ కనపడదు.

మా మనవడు మౌంటు కింద ఒక పక్కన రెండు వాషర్లు పెట్టి బిగిస్తుంటే, "వంకరగా కూర్చుందిరా" అన్నాను. నవ్వాడు. ఇంజనును కావాలనే కుడివైపుకు రెండు డిగ్రీలు, కిందికి మరికొంత వాల్చి బిగిస్తారు. వెనుక నుంచి చూస్తే ప్రొపెల్లర్ కుడివైపుకు తిరుగుతుంది కనుక విమానాన్ని ఎడమకు పొర్లించాలని చూస్తుంది. దాని గాలి సుడులు తిరుగుతూ వెళ్ళి తోక నిలువు రెక్కను ఎడమ పక్కన తాకి, ముక్కును మళ్ళీ ఎడమకే నెడుతుంది. రెక్క పైన ఉన్న విమానాల్లో ఇంజను జోరు పెంచగానే ముక్కు లేస్తుంది. ఈ మూడింటికీ ఆ వంకరే విరుగుడు. మన వర్క్‌షాపులో ఇంజనును రెండు డిగ్రీలు వంకరగా బిగిస్తే ఛార్జిషీటు చేతికొచ్చేది! ట్యాంకుకూ లెక్క ఉన్నది. దాని మధ్యరేఖ కార్బురేటరు సూది మట్టానికి కొద్దిగా కిందుగా ఉండాలి, చుట్టూ స్పాంజి కుక్కాలి. కుదుపుకు ఇంధనం నురగ కడితే ఇంజను గాలి తాగి ఆగిపోతుంది.

1980లలో కథ అడ్డం తిరిగింది. అర్ధశతాబ్దం పాటు ఎంత గట్టిగా బిగిస్తే అంత మంచిదన్నవాళ్ళే మెత్తగా బిగించడం మొదలుపెట్టారు. యూరపులో మైదానాల చుట్టుపక్కల ఇళ్ళవారు మోత భరించలేక ఫిర్యాదులు చేశారు, పోటీల్లో శబ్దానికి పరిమితులు వచ్చాయి. సైలెన్సరు పెట్టినా మోత తగ్గలేదు. విచారిస్తే, గట్టిగా బిగించిన ఇంజను విమానం ఒళ్ళంతటినీ డోలులా మోగిస్తోందని తేలింది. అప్పుడు మౌంటుకూ ఫైర్‌వాల్‌కూ మధ్య రబ్బరు బుష్షులు పెట్టారు. మన బస్సులో ఉన్నదే, అరవై ఏళ్ళు ఆలస్యంగా! అయితే రబ్బరు మరీ మెత్తనైతే ఇంజను ఊగి షాఫ్టు విరుగుతుంది, గట్టిదైతే లాభం లేదు.

కరెంటు మోటార్ల గురించి ఎక్కువ రాయను. 1957 జూన్ 30న ఇంగ్లండులో కర్నల్ టాప్లిన్ రేడియో విమానాన్ని విద్యుత్తుతో మొదటిసారి ఎగరవేశాడు. ఇవాళ ఎక్కువభాగం అవే. సిలువ ఆకారపు చిన్న రేకు, నాలుగు మరలు, అయిపోయింది. ఆముదం వాసన లేదు. 2021 డ్రోన్ నియమాల్లో మోడల్ విమానాలకు కూడా చోటిచ్చారు. కంటికి కనిపించే మేరలోనే ఎగరేయాలి, విమానాశ్రయాల చుట్టూ నిషేధాలు తెలుసుకోవాలి.

మన వయసువారికి మాత్రం ఒక్క సంగతి చెప్పి తీరాలి. మేనార్డ్ హిల్ అనే అమెరికా ఇంజనీరు జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయపు ప్రయోగశాలలో పనిచేసి రిటైరయ్యాడు. పైన చెప్పిన వాల్టర్ గుడ్ పనిచేసిందీ అక్కడే. హిల్‌కు ముసలితనంలో ఒక పట్టుదల పుట్టింది, బొమ్మ విమానంతో అట్లాంటిక్ మహాసముద్రం దాటించాలని. చూపు దాదాపు పోయింది, వినికిడీ తగ్గింది. కర్రను వేళ్ళతో తడిమి కట్టేవాడు. అంతర్జాతీయ నియమం ప్రకారం ఇంధనంతో సహా బరువు 5 కిలోలు మించకూడదు. ఇంజను జపానులో ఒసాకావారి ఓ.ఎస్. నాలుగు స్ట్రోకుల ఇంజను, 10 సి.సి., కార్బురేటరు మార్చి చుక్క చుక్క లెక్కపెట్టి తాగేట్టు చేశారు. ముందు పంపినవి సముద్రం పాలయ్యాయి. 2003 ఆగస్టు 9న కెనడా తీరంలో న్యూఫౌండ్లాండు నుంచి ఇంకొకటి వదిలారు. తోవ చూసుకునేది లోపలి జీపీఎస్. 38 గంటల 52 నిమిషాలు ఆ ఇంజను ఒక్క క్షణం ఆగలేదు. సుమారు 3,030 కిలోమీటర్లు దాటి 11వ తేదీన ఐర్లండులో క్లిఫ్డెన్ దగ్గర సముద్రపు ఒడ్డున వాలింది. 1919లో ఆల్కాక్, బ్రౌన్ అనే ఇద్దరు పైలట్లు మొదటిసారి ఆగకుండా అట్లాంటిక్ దాటి దిగినదీ క్లిఫ్డెన్ దగ్గరే. ట్యాంకు అడుగున మిగిలిన ఇంధనం కొద్దిపాటి. అప్పటికి హిల్ వయసు 77. నాకిప్పుడు అంతే.

మనవడి విమానం గత నెల పూర్తయింది. బోల్టులు ఎవరు బిగించాలన్న మాట వచ్చినప్పుడు నా మిత్రుడికి ఫోను చేశాను. ఆదివారం పొద్దున్నే వచ్చాడు. స్క్రూడ్రైవరును బొటనవేలికీ నడివేలికీ మధ్య పట్టుకుని నాలుగు బోల్టులూ మూలకు మూల ఎదురుగా, కొంచెం కొంచెంగా బిగించాడు. ఇంజను ఒకసారి నడిపి, ఆపి, మళ్ళీ చూశాడు. ఒక్క నట్టూ కదలలేదు.

ఆరోజు భోజనాలయ్యాక ఈ వ్యాసం చిత్తుప్రతి అతనికి మొదటి నుంచి చదివి వినిపించాను. చదువుతుంటే గొంతు పట్టుకుంది, నీళ్ళు తాగి మళ్ళీ చదివాను. పొనికి ముక్క తెచ్చి చేతిలో పెట్టాను. బెజ్జంలోకి చిటికెనవేలు దూర్చి కాసేపు చూశాడు. చిత్తుప్రతిలో నేను రెండు బోల్టులు ఊడాయని రాశాను.

"రెండు కాదురా, మూడు. నేను పక్కనే ఉన్నాను గదా, చూశాను" అన్నాడు.

పైన మూడు అని దిద్దాను.